తోలు వస్తువులకు ఇంట్లోనే మైనం, నూనె పూత: తూకం నుంచి మెరుగు దాకా

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఇంట్లోనే బెల్టులు, పర్సులు, చెప్పులు, ఎద్దుల గంటల పట్టెడలు కుట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. కోత, కుట్టు దగ్గర వాళ్లకు పెద్ద ఇబ్బంది ఉండదు. అడిగేదంతా చివరి పని గురించే. ఏ నూనె పూయాలి, మైనం ఎంత కలపాలి, పూసి వారం అయినా జిడ్డు ఎందుకు పోవడం లేదు, వానలు మొదలవగానే తెల్లగా పడుతోంది ఏం చేయాలి అని. వీటన్నిటికీ కలిపి ఒకేచోట రాస్తున్నాను.

ముందు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. నూనె తోలు లోపలికి వెళ్లి మెత్తగా ఉంచుతుంది, మైనం పైన నిలిచి నీటిని ఆపుతుంది. ఇవి రెండు వేర్వేరు పనులు. ఈ తేడా పట్టించుకోకుండా రెండూ కలిపి ఒకేసారి దండిగా పట్టించడం వల్లే జిడ్డు, మచ్చలు, బూజు అన్నీ వస్తాయి. కింద చెప్పే ప్రతి మెట్టూ దీన్నుంచే వచ్చింది.

1. చేతిలో ఉన్న తోలు ఏదో చూసుకోండి

నూనె కొనే ముందే చేయాల్సిన పని ఇది. కత్తిరించిన అంచు చూడండి. మధ్యలో గోధుమ రంగు లేదా లేత బాదం రంగు ఉంటే అది తుమ్మచెక్క, కరక్కాయ లాంటి వాటితో పదును చేసిన తోలు, అమ్మేవాళ్లు వెజ్ టాన్ అంటారు. మధ్యలో నీలం కలిసిన బూడిద రంగు కనిపిస్తే సాధారణంగా క్రోమ్ తోలు, అంటే క్రోమియం లవణాలతో పదును చేసినది. అద్దకం మందంగా పట్టిన తోలులో అంచు రంగు మోసం చేస్తుంది, అలాంటప్పుడు కొత్త బ్లేడుతో ఒక మూల సన్నగా కోసి చూడండి.

తర్వాత పైభాగంలో ఒక నీటిచుక్క వేసి ఒక నిమిషం ఆగండి.

- చుక్క లోపలికి ఇంకి ముదురు మచ్చ పడితే తోలు దాహంగా ఉంది, నూనె, మైనం రెండూ పనికొస్తాయి.
- చుక్క చాలాసేపు నిలిచి నెమ్మదిగా ఇంకితే ఇప్పటికే కొంత నూనె ఉంది, మైనం ఎక్కువగా ఉన్న పేస్ట్ ఒక్కటి చాలు.
- చుక్క అలాగే గుండ్రంగా కూర్చుంటే పైన రంగు పొర ఉందన్నమాట. దానికి నూనె పూయకండి, లోపలికి పోదు, పైనే జిడ్డుగా ఉండిపోతుంది.

రెక్సిన్‌కు ఈ పూతలేవీ అక్కర్లేదు. స్వేడ్, నుబక్ లాంటి నూగు తోళ్లకు మైనం తగిలిందా నూగు అణిగిపోతుంది, మళ్లీ లేవదు. డప్పు, మద్దెల మీది తోలుకు కూడా ఇది పూయకూడదు. అది పదును చేసిన తోలు కాదు, పచ్చితోలు ఆరి బిగిసింది. నూనె తగిలితే బిగువు పోయి మోత చచ్చిపోతుంది.

చెన్నై పెరియమేట నుంచో కోల్‌కతా నుంచో తోలు తెప్పించుకునేవాళ్లు ఆర్డరు పెట్టేటప్పుడే "వెజ్ టాన్, పైన పూత లేనిది" అని చెప్పి తీసుకోండి. పూత వేసిన తోలు వచ్చిందంటే మీరు ఎంత మంచి మిశ్రమం చేసినా దాని మీద సగం పనే జరుగుతుంది.

2. నూనె: ఏది పనికొస్తుంది, ఏది రాదు

మన దగ్గర తేలిగ్గా దొరికేదీ, చెప్పులకూ పట్టెడలకూ తరతరాలుగా వాడేదీ ఆముదం. గాలికి ఎండిపోదు, తొందరగా కంపు కొట్టదు. చిక్కన కాబట్టి నెమ్మదిగా ఇంకుతుంది, అందుకే గోరువెచ్చగా చేసి పలచగా పూయాలి. ఊళ్లో వండిన ఆముదమైతే అందులో తడి, మడ్డి ఉంటాయి. సన్నని మంట మీద చిటపటలు ఆగేదాకా కాచి, చల్లార్చి, పలుచని గుడ్డలో వడగట్టుకోండి. ఈ పని మానేస్తే ఆ తడి డబ్బాలోకి వెళ్లి బూజు పడుతుంది.

నీట్స్‌ఫుట్ ఆయిల్ పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసేది, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఆముదం కంటే పలచన, బాగా లోపలికి వెళ్తుంది, తోలు రంగును కాస్త ముదురు చేస్తుంది. జంతువుల నూనె వద్దనుకునేవాళ్లకు ఆముదం చాలు, ఏమీ తక్కువ కాదు. కొనేటప్పుడు సీసా మీద చదవండి, కొన్నిటిలో మినరల్ ఆయిల్ కలిపి ఉంటుంది.

ఇప్ప నూనె, అంటే ఒడిశా వైపు తోల నూనె అని అమ్మేది, మన సంతల్లో దొరుకుతుంది. చల్లటి రోజుల్లో నెయ్యిలా పేరుకుంటుంది. పొలానికి వేసుకెళ్లే మొరటు చెప్పులకు కొంచెం కలపవచ్చు, కానీ తాజాగా ఉన్నదే తీసుకోండి. వాసన చూడండి, పుల్లగా మండినట్టు ఉంటే వద్దు. పర్సుకూ బ్యాగుకూ దీన్ని వాడొద్దనే నా సలహా, వాసన బట్టలకూ నోట్లకూ ఎక్కుతుంది.

కానుగ నూనె కూడా తోలు పనిలో వాడుకలో ఉన్నదే, పురుగులు దగ్గరికి రావు. వాసన ఘాటు, రంగు ముదురు. గంటల పట్టెడలకు బాగుంటుంది.

కొబ్బరినూనె లేత రంగు తోలుకు తక్కువ మోతాదులో సరిపోతుంది. అయితే 24 డిగ్రీల కంటే చల్లబడితే గడ్డకడుతుంది, కాబట్టి కోరాపుట్, సెమిలిగుడ వైపు చలికాలంలో కుట్ల సందుల్లో తెల్లగా తేలవచ్చు.

వద్దని చెప్పేవి ఇవి: వేరుశనగ నూనె, పొద్దుతిరుగుడు నూనె, నువ్వుల నూనె, ఆవనూనె. ఇటువైపు చాలా ఇళ్లలో ఆవనూనె సిద్ధంగా ఉంటుంది కాబట్టి చేయి దానిమీదికే పోతుంది. ఈ వంటనూనెలన్నీ గాలి తగిలి నెమ్మదిగా చెడతాయి, కొన్ని బంకగా మారతాయి. అవిసె నూనె సంగతి వేరు. పెయింట్ షాపులో లిన్‌సీడ్ ఆయిల్ అని ఇచ్చేది గాలికి గట్టిపడి పొరకడుతుంది. చెక్కకు అది మంచి గుణమే, వంగే బెల్టు మీద మాత్రం ఆ పొర బీటలు తీస్తుంది.

3. మైనం: అసలుదా, కొవ్వొత్తిదా

కావాల్సింది తేనె మైనం. 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, చేతి వేడికి మెత్తబడుతుంది కానీ కరగదు. మన కొండల్లో తేనె పట్టేవాళ్ల దగ్గర తేనెపట్టు అడిగితే ఇస్తారు.

అమ్మే బిళ్ళ అసలుదో కాదో చూడటానికి చిన్న ముక్క విరవండి. తేనె మైనం విరిగిన చోట నునుపుగా మెరవదు, రవ్వరవ్వగా ఉంటుంది. వేళ్ల మధ్య పిసికితే ముద్దవుతుంది, తేనె వాసన వస్తుంది. కొవ్వొత్తి మైనం పొడిపొడిగా రాలిపోతుంది, చేతికి జారుడుగా ఉంటుంది, వాసన ఉండదు.

కొవ్వొత్తి మైనంతో ఏమవుతుందిలే అనుకోకండి. అది పెట్రోలియం సరుకు, ఆముదంతో పొసగదు. వేడి మీద కలిసినట్టే కనబడి, చల్లారాక నూనె చెమటలా పైకి తేలుతుంది. తోలు వంగిన చోట పెళుసుగా తెల్ల గీతలు కూడా పడతాయి.

పట్టు నుంచి మైనం తీయడం ఇలా:

- తేనె పిండేసిన పట్టును చల్లటి నీళ్లలో కడిగి, నూలు గుడ్డలో మూటగట్టండి.
- స్టీలు గిన్నెలో నీళ్లు పోసి మూటను అందులో ముంచి, మీద ఒక బరువు పెట్టి, సన్నని మంట మీద వేడి చేయండి. తెర్లనివ్వకండి.
- కరిగిన మైనం గుడ్డలోంచి బయటికి వచ్చి నీళ్ల మీద తేలుతుంది. మంట ఆపి, కదపకుండా రాత్రంతా వదిలేయండి.
- పొద్దున్నే పైన బిళ్ళ కట్టి ఉంటుంది. తీసి తిరగేస్తే అడుగున బూడిద రంగు మడ్డి, పురుగు కాళ్లు, పుప్పొడి అంటుకుని కనిపిస్తాయి. కత్తితో గీకేయండి.
- అడుగు శుభ్రంగా వచ్చేదాకా మళ్లీ కరిగించండి. చివర్లో నీడలో పూర్తిగా ఆరనివ్వండి.

ఇనుము, ఇత్తడి, రాగి గిన్నెలు వాడకండి, మైనం రంగు చెడుతుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో వాననీళ్లు వాడితే మేలు, సున్నం ఎక్కువగా ఉన్న నీళ్లలో మైనం నురుగుముద్దలా అవుతుంది.

ఇంకా గట్టిదనం, మెరుపు కావాలనుకుంటే కర్నూబా మైనం, అంటే ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే మైనం, కొంచెం కలపవచ్చు. అది 82 నుంచి 86 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నూటికి 5 గ్రాములకు మించితే వంగే వస్తువుల మీద పొలుసు లేస్తుంది. మొదటిసారి చేసేవాళ్లు దాని జోలికి పోకండి.

4. దగ్గర పెట్టుకోవాల్సినవి

- గ్రాములు చూపించే వంటింటి తూకం
- ఒక పెద్ద గిన్నె, దాంట్లో పట్టే చిన్న స్టీలు గిన్నె లేదా లోతైన గ్లాసు. చిన్నది ఇక వంటకు వాడకూడదు
- చిన్న గిన్నె కింద పెట్టడానికి మడిచిన గుడ్డ
- పాత చెంచా, కర్ర పుల్లలు, ఒక పింగాణీ ప్లేటు
- మూత గట్టిగా పడే వెడల్పాటి రేకు డబ్బాలు, పూర్తిగా పొడిగా ఉన్నవి
- పాత నూలు బనియన్ ముక్కలు, ఒక షూ బ్రష్
- గిన్నెను మొత్తం కప్పేసేంత మూత. నిప్పు అంటుకుంటే ఆర్పేది ఇదే
- మీ వస్తువు కుట్టిన తోలులోంచే మిగిలిన నాలుగైదు ముక్కలు

ఈ చివరిది లేకుండా మొదలుపెట్టకండి. వేరే తోలు ముక్క మీద చేసిన పరీక్ష మీ వస్తువుకు పనికిరాదు.

5. తూకాలు

అన్నీ బరువులోనే చెబుతున్నాను, కప్పుల్లో కాదు. అన్నీ 100 గ్రాముల లెక్కే. ఇంతకంటే ఎక్కువ చేయకండి, ఇంట్లో పని చేసేవాళ్లకు ఇదే చాలా రోజులు వస్తుంది.

చలికాలం పేస్ట్: తేనె మైనం 25 గ్రాములు, ఆముదం 75 గ్రాములు. కొండ మీది ఊళ్లకు ఇది సరిపోతుంది. సెమిలిగుడ లాంటి చోట రాత్రిళ్లు 10 డిగ్రీల లోపుకు పడే రోజుల్లో ఇంకాస్త నూనె పెంచినా తప్పులేదు.

ఎండాకాలం పేస్ట్: మైనం 35, ఆముదం 65. మే నెలలో గుణుపురం, రాయగడ వైపు 40 డిగ్రీలు దాటే ఎండకు చలికాలం పేస్ట్ డబ్బాలోనే జావలా అవుతుంది, బెల్టు మీద పూసినది ప్యాంటుకు అంటుకుంటుంది. పుస్తకాల్లో, వీడియోల్లో చల్లటి దేశాల వాళ్లు చెప్పే కొలతలు మనకు కుదరకపోవడానికి కారణం ఇదే. వాళ్ల గది వేడి వేరు, మన వరండా వేడి వేరు.

మొరటు చెప్పుల పూత: మైనం 40, ఆముదం 40, ఇప్ప నూనె 20. వాననీళ్లు, బురద తగిలే వాటికి మాత్రమే.

అంచులు రుద్దే బిళ్ళ: మైనం 80, ఆముదం 20. బెల్టు అంచుకు రుద్ది, నూలు గుడ్డతో గట్టిగా రాస్తే ఆ వేడికే అంచు నున్నగా మూసుకుపోతుంది. కుట్టుదారానికి కూడా ఇదే రుద్దవచ్చు.

పలచటి క్రీము: మైనం 30, నీట్స్‌ఫుట్ ఆయిల్ 30, గమ్ టర్పెంటైన్ 40. పర్సులు, బ్యాగులు, సన్నపని ఉన్న తోలుకు ఇది బాగుంటుంది, టర్పెంటైన్ ఆవిరై పోయాక పలచటి పొర మిగులుతుంది. ఇందులో ఆముదం వాడకండి. పెయింట్ షాపుల్లో టర్పెంటాయిల్ అని ఇచ్చేది చాలాసార్లు ఎంటీఓ, అంటే పెట్రోలియం నుంచి తీసేది, ఆముదం దానితో సరిగా కలవక విడిపోతుంది. గమ్ టర్పెంటైన్ కావాలని పేరు పెట్టి అడగండి, పైన్ చెట్ల జిగురు వాసన వస్తుంది. థిన్నర్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, అది తోలు మీది రంగును ఊడదీస్తుంది.

6. కాచే వరస

స్టవ్ మీద నేరుగా మైనం గిన్నె పెట్టొద్దు. నీళ్ల గిన్నెలో గిన్నె పెట్టి కరిగిస్తే వేడి 100 డిగ్రీలు దాటదు. నేరుగా మంట మీద పెడితే మైనం ఎంత వేడెక్కిందో కంటికి తెలియదు, ఒక్కసారి పొగ మొదలై అంటుకుంటుంది. ఇండక్షన్ స్టవ్ ఉంటే అదే వాడండి.

మైనం అంటుకుంటే నీళ్లు పోయకండి. నీళ్లు తగిలిన మండే మైనం ఒక్కసారిగా పైకి ఎగుస్తుంది. స్టవ్ ఆపి మూత పెట్టేయండి, చల్లారేదాకా తీయకండి. పిల్లల్ని ఈ పని దగ్గరికి రానివ్వొద్దు.

ఇక వరస:

మొదట మైనాన్ని కొబ్బరి తురిమినట్టు తురమండి, లేదా కత్తితో పలచటి చెక్కులు తీయండి. పెద్ద గడ్డ వేస్తే బయట కరిగి లోపల గడ్డగానే ఉంటుంది, తొందరపడి మంట పెంచుతాం.

పెద్ద గిన్నెలో రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి, అడుగున గుడ్డ వేసి, చిన్న గిన్నె పెట్టండి. నీళ్లు కొద్దిగా కదులుతుంటే చాలు, తెర్లి చిందనివ్వకండి. ఒక్క చుక్క నీరు మైనంలో పడినా తర్వాత బూజు సమస్యే.

మైనం పూర్తిగా కరిగాక, విడిగా గోరువెచ్చగా చేసి పెట్టుకున్న నూనెను సన్నని ధారగా పోస్తూ కర్రపుల్లతో కలపండి. చల్లటి నూనె పోస్తే మైనం వెంటనే పేలికలుగా గడ్డకడుతుంది. అలా అయినా భయపడకండి, కలుపుతూ ఉంటే మళ్లీ కరుగుతుంది.

కలిసి, నిమ్మరసం రంగులో తేటగా కనిపించాక ఇంకో అయిదు నిమిషాలు ఉంచి దించండి.

క్రీము చేసేవాళ్లకు ఇక్కడొక ప్రత్యేక జాగ్రత్త. టర్పెంటైన్‌ను పొయ్యి దగ్గర ఎప్పుడూ పోయకూడదు. స్టవ్ ఆపి, గిన్నెను పెరట్లోకి తీసుకెళ్లి, కాసేపు చల్లారనిచ్చి, మైనం అంచుల్లో తెల్లగా పేరుకోవడం మొదలైనప్పుడు కొంచెం కొంచెంగా కలపండి. దాని ఆవిరి గాలి కంటే బరువు, నేల వెంబడి పాకి దూరంలో ఉన్న మంటను కూడా అందుకుంటుంది. బీడీ, అగరొత్తి, దీపం ఏదీ దగ్గర్లో ఉండకూడదు.

7. చెంచా పరీక్ష

మిశ్రమం డబ్బాలో పోసే ముందు దీనికోసం పావుగంట కేటాయించండి. అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చే మెట్టు ఇదేనని నా నమ్మకం, చాలామంది దాటేసేదీ దీన్నే.

చెంచాతో కొంచెం మిశ్రమం తీసి పింగాణీ ప్లేటు మీద రూపాయి బిళ్ళంత వేయండి. ముందు అంచు తెల్లబడుతుంది, తర్వాత నడిమధ్య మసకబారుతుంది. పూర్తిగా చల్లారాక వేలితో నొక్కండి.

- వేలు సులువుగా దిగి, చర్మం మీద రాస్తే కరిగి, కొద్దిసేపటికి పలచటి పొర మిగిలితే సరిగ్గా కుదిరింది.
- వేలు జారిపోయి ప్లేటు మీద నూనె మెరుపు మిగిలితే మైనం తక్కువ. 100 గ్రాములకు 5 గ్రాముల మైనం వేసి మళ్లీ కరిగించండి.
- గోటితో గీకితేనే లేస్తుంటే నూనె తక్కువ. 5 గ్రాములు నూనె కలపండి.

ఫ్రిజ్‌లో పెట్టి చల్లార్చి చూడకండి. మీరు వస్తువు వాడే వేడిలోనే పరీక్ష జరగాలి. మే నెలలో వాడబోయే పేస్ట్ జనవరిలో చేస్తున్నారా, ఆ ప్లేటును మధ్యాహ్నం ఎండలో కాసేపు పెట్టి మళ్లీ నొక్కి చూడండి.

కుదిరిందనిపించాక పలుచని గుడ్డలో వడగట్టి డబ్బాల్లో పోయండి. గాజు సీసా అయితే ముందు వెచ్చబెట్టండి, లేకపోతే పగులుతుంది. చల్లారుతున్నంతసేపు మధ్యమధ్యలో కలుపుతూ ఉంటే రవ్వ కట్టదు. పూర్తిగా చల్లారాకే మూత పెట్టండి, వేడి మీద పెడితే మూత కింద చెమ్మ పడుతుంది. డబ్బా మీద తేదీ, తూకం రాసి అంటించండి, వచ్చే ఏడు ఏది బాగా కుదిరిందో మీకే తెలుస్తుంది.

8. పూత వేసే వరస

ముందు ఈ జాబితా చూసుకోండి. ఒక్కటి కాలేదన్నా పూత మొదలుపెట్టకండి.

- అద్దకం అయిపోయి, ఆరి, పొడిగుడ్డతో తుడిస్తే రంగు అంటడం లేదు
- సొల్యూషన్‌తో అంటించాల్సినవన్నీ అంటించారు, కుట్టు పూర్తయింది
- దుమ్ము బ్రష్‌తో దులిపారు
- తోలు లోపలిదాకా పొడిగా ఉంది
- అదే తోలు ముక్క మీద పూసి ఒక రాత్రి ఆగి రంగు చూశారు

రెండో అంశం మీద ఒక మాట. నూనె తగిలిన తోలుకు సొల్యూషన్ పట్టదు. చెప్పు అట్టకు ముందే నూనె పట్టించి తర్వాత అంటిస్తే నెల తిరక్కుండా ఊడుతుంది.

నాలుగోది ఇంకా ముఖ్యం. తడి ఉన్న తోలు మీద వేడి మైనం పోస్తే తోలు ముడుచుకుపోయి గట్టిపడుతుంది, దాన్ని వెనక్కి తేలేం. తడిపి మలిచిన వస్తువులను వానాకాలంలో కనీసం రెండు మూడు రోజులు ఫ్యాను గాలికి ఆరనివ్వండి. చెంపకు ఆనించి చూస్తే చల్లగా తగలకూడదు.

మొదట నూనె ఒక్కటే. బనియన్ ముక్కను గోరువెచ్చటి నూనెలో ముంచి, గట్టిగా పిండేసి, గుండ్రంగా తిప్పుతూ పలచగా పూయండి. ఒకచోట ఆగకండి, ఆగిన చోట మచ్చ పడుతుంది. మొదట్లో రంగు చారలుగా కనిపిస్తుంది, తుడిచేయాలనో ఇంకా పూయాలనో అనిపిస్తుంది. రెండూ చేయకండి. ఒక పూర్తి రోజు వదిలేస్తే నూనె తనంతట తాను సర్దుకుని రంగు ఒకేలా వస్తుంది. మర్నాడు వంచి చూడండి. ఇంకా బిరుసుగా, పొడిగా ఉంటేనే రెండో పూత. మెత్తగా వంగితే అక్కడితో ఆపేయండి. నూనె ఎక్కువైన తోలు సాగుతుంది, బెల్టు చిల్లులు పొడుగవుతాయి.

తర్వాత పేస్ట్. శనగగింజంత తీసుకుని జానెడు పొడవుకు పరచండి. వేలితో రాస్తే చర్మం వేడికి బాగా కరుగుతుంది. కుట్ల మీద, అంచుల మీద కొంచెం ఎక్కువ పెట్టవచ్చు, నీరు మొదట చేరేది అక్కడే. చలిగా ఉంటే హెయిర్ డ్రైయర్‌ను జానెడు దూరంలో పట్టి తిప్పుతూ వెచ్చబెట్టండి, లేదా పొద్దుటి లేత ఎండలో కాసేపు ఉంచండి. మిట్టమధ్యాహ్నం ఎండ వద్దు.

అరగంట ఆగి మిగులు తుడిచేయండి. రాత్రంతా వదిలి, మర్నాడు షూ బ్రష్‌తో చురుగ్గా రుద్ది, పొడి నూలు గుడ్డతో మెరుగు పెట్టండి. మెరుపు బ్రష్ వల్ల వస్తుంది, పూత మందం వల్ల కాదు. రెండు పలచటి పూతలు, మధ్యలో ఒక రోజు విరామం. ఇంతకంటే అవసరం లేదు.

9. తేడా వచ్చినప్పుడు ఏం చేయాలి

జిడ్డు పోవడం లేదు. హెయిర్ డ్రైయర్‌తో వెచ్చబెట్టి, పైకి తేలినదాన్ని పొడిగుడ్డతో తుడవండి. ఇంకా ఉంటే లోపలి వైపు సుద్దపొడి చల్లి, కాగితంలో చుట్టి రాత్రంతా ఉంచి దులిపేయండి. రెండు మూడుసార్లు చేయాల్సి రావచ్చు.

తెల్లగా పడింది. ఇది రెండు రకాలు, ముందు ఏదో తేల్చుకోండి. పౌడరు రాసినట్టు సమంగా ఉండి, వేడి గాలి తగలగానే మాయమైతే అది తోలులోని కొవ్వో మైనమో పైకి తేలడం. వెచ్చబెట్టి గుడ్డతో రుద్దితే సరిపోతుంది. నూగునూగుగా, మచ్చలు మచ్చలుగా ఉండి ముక్కిన వాసన వేస్తుంటే బూజు. వస్తువును బయటికి తీసుకెళ్లి పొడి బ్రష్‌తో దులపండి, ఇంట్లో దులిపితే మిగతా వస్తువులకూ పాకుతుంది. తర్వాత వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి, గుడ్డను పిండి తుడిచి, నీడలో గాలికి ఆరనివ్వండి. ముందు కనిపించని మూల మీద ప్రయత్నించాలి, కొన్ని అద్దకాలు వెనిగర్‌కు కదులుతాయి.

పేస్ట్ రవ్వ కట్టింది. పాడవలేదు. మళ్లీ నీళ్ల గిన్నెలో కరిగించి, కలుపుతూ చల్లార్చండి.

రంగు మరీ ముదిరింది. నూనె వల్ల వచ్చిన ముదురు కొంతవరకే తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఒకచోటే మచ్చ ఉంటే మిగతా భాగానికి కూడా పలచగా నూనె పూసి సమం చేయడమే మార్గం.

డబ్బా తెరవగానే మండు వాసన. నూనె చెడింది. సువాసన నూనెలు కలిపి దాచే ప్రయత్నం చేయకండి, ఆ మొత్తం పారేయండి.

పైన పొర బీటలు తీస్తోంది. మైనం ఎక్కువైంది లేదా పూత మందమైంది. వెచ్చబెట్టి తుడిచేసి, నూనె ఎక్కువగా ఉన్న పేస్ట్ పలచగా వేయండి.

10. గుడ్డలు, నిల్వ, మళ్లీ పూత

టర్పెంటైన్ తగిలిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టి పారేయండి. చెక్కపనికి అవిసె నూనె వాడేవాళ్లు ఇంట్లో ఉంటే ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఆ నూనె గాలితో కలిసేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దగా పడేసిన గుడ్డ అగ్గిపుల్ల లేకుండానే అంటుకోగలదు. నీళ్ల బకెట్‌లో ముంచి ఉంచి తర్వాత పారేయండి.

డబ్బాలను చల్లటి, వెలుతురు తగలని అలమరలో పెట్టండి, పొయ్యి గట్టు మీద కాదు. తడిచేత్తో తీయకండి.

పూత వేసిన వస్తువులను ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి దాచకండి. వానలు పడినన్నాళ్లూ గాలాడే చోట వేలాడదీయండి, నూలు సంచి అయితే ఫర్వాలేదు. మహేంద్రగిరి చుట్టుపక్కల ముసురు పట్టినప్పుడు వారానికోసారి బయటికి తీసి పొడిగుడ్డతో తుడిస్తే చాలు, అప్పుడు కొత్త పూత వేయకండి. తేమ లోపల ఉండగా పైన మైనం వేస్తే అది బయటికి రాలేక అక్కడే బూజుకు చోటిస్తుంది.

మళ్లీ పూత ఎప్పుడన్నది నీటిచుక్కనే అడగండి. చుక్క నిలిచినంతకాలం ఏమీ చేయనక్కర్లేదు. మామూలుగా బెల్టుకూ పర్సుకూ వానలకు ముందు ఒకసారి, దసరా దాటాక ఒకసారి పేస్ట్ సరిపోతుంది. నూనె ఒక్కటే పూసే పని ఏడాదికి ఒకసారి, అదీ తోలు బిరుసెక్కితేనే. పొలం చెప్పులకు మాత్రం బురద కడిగి, నీడలో ఆరబెట్టిన ప్రతిసారీ వంగే చోట్ల కొంచెం రాయండి.